ఎకో క్లబ్బూ, పందిరి కమిటీ

పిఠాపురంలో సాహిత్య సభ ఏది జరిగినా మొదటి అరగంట పేర్ల జాబితాకే పోతుంది. సూర్యరాయాంధ్ర నిఘంటువుని పోషించిన మహారాజా, ఉమర్ ఆలీషా, ఇక్కడి హైస్కూల్లో చదువుకున్న కృష్ణశాస్త్రి, వజ్రాయుధం రాసిన ఆవంత్స సోమసుందర్. అది అయ్యాక వక్త గొంతు సవరించుకుని అసలు మాటకొస్తాడు. ఇప్పటి పిల్లలకి ఇవేవీ అక్కర్లేదు, చేతిలో ఫోనుంటే చాలు అని. చప్పట్లు, శాలువా, టిఫిను.

నాకు పేచీ ఆ రెండో మాటతోనే. పిల్లలకి ఏం కావాలో తేల్చేసేముందు, వాళ్లకి ఏం కావాలో వాళ్లే తేల్చుకునే చోటు బళ్లో ఒక్కటైనా ఉందా అని చూడాలి కదా. అలాంటి చోటుకే ఒకప్పుడు సంఘం, సమితి అనేవారు. ఇప్పుడు క్లబ్బు అంటున్నాం.

కాగితం మీద చూస్తే క్లబ్బులకి ఇంత మంచి కాలం ఎప్పుడూ లేదు. 2001లో నేషనల్ గ్రీన్ కోర్ మొదలైనప్పటి నుంచి బళ్లలో ఎకో క్లబ్బులున్నాయి. సమగ్ర శిక్ష వచ్చాక యూత్ క్లబ్, ఎకో క్లబ్ అని హైస్కూలుకి ఏడాదికి 25,000 రూపాయల వరకు గ్రాంటుకి వీలుంది. అటల్ టింకరింగ్ ల్యాబ్ దొరికిన బడికి 20 లక్షల దాకా వస్తుంది. ఇవి కాక జూనియర్ రెడ్‌క్రాస్, స్కౌట్లు, మ్యాథ్స్ క్లబ్, సైన్స్ క్లబ్. ఏ హైస్కూలు వరండాలో నిలబడినా గోడ మీద నీలం రంగు పెయింటుతో ఇవన్నీ వరసగా కనిపిస్తాయి. కన్వీనర్ ఫలానా టీచర్ గారు, సభ్యులు పదిమంది. ఆ పదిమందిలో ఒకణ్ణి పిలిచి, “బాబూ, నువ్వు ఎకో క్లబ్బులో ఉన్నావా?” అని అడిగి చూడండి. గోడ చదువుకుని చెబుతాడు.

ఇందులో నా వృత్తి వాటా కూడా కొంత ఉంది. నేను సాఫ్ట్‌వేర్ రాస్తాను. ఎర్ర చుక్క పెట్టి “ఈ గడి తప్పనిసరి” అనే ఫారాలు మాలాంటివాళ్లం తయారుచేసేవే. ‘ఏక్ పేడ్ మా కే నామ్’ కింద బడి పిల్లలు అమ్మతో కలిసి మొక్క నాటి, ఫొటో పోర్టల్లో ఎక్కిస్తే సర్టిఫికెట్ దిగుతుంది. ఆలోచన మంచిదే. కానీ పోర్టల్‌కి తెలిసేది ఫొటో వచ్చిందా లేదా అన్నదొక్కటే. వచ్చే మే నెల ఎండకి ఆ మొక్క ఉందా, నీళ్లు ఎవరు పోశారు, పోస్తానన్నవాడు ఎందుకు ఎగ్గొట్టాడు, వాణ్ణి మిగతావాళ్లు ఏమన్నారు, ఇవేవీ ఆ ఫారంలో పట్టవు. క్లబ్బంటే మాత్రం అచ్చంగా అవే. కొలమానాన్నే లక్ష్యం చేసుకుంటే అది కొలవడానికి పనికిరాకుండా పోతుందని చార్లెస్ గుడ్‌హార్ట్ అనే ఆర్థికవేత్త పేరు మీద ఒక సూత్రం చెబుతారు. మా ఆఫీసులో దీన్ని ఏడాదికి రెండుసార్లు ఒకరికొకరం గుర్తుచేసుకుంటాం, వెంటనే ఇంకో డ్యాష్‌బోర్డు కడతాం.

టీచర్లని తిట్టడం నాకిష్టం లేదు. హాజరు యాప్‌లో, భోజనం యాప్‌లో, ఆఖరికి మరుగుదొడ్ల ఫొటోలు యాప్‌లో ఎక్కించమన్న రాష్ట్రం మనది. అలాంటి మనిషిని ‘క్లబ్ యాక్టివిటీ కూడా అప్‌లోడ్ చెయ్యండి’ అంటే ఏం చేస్తాడు? నలుగురు పిల్లల్ని చెట్టు కింద నిలబెడతాడు. నేనైనా అదే చేస్తాను.

ప్రైవేటు బడి సంగతి వేరు. నేను చదివిన బళ్లో ‘లిటరరీ క్లబ్’ ఉండేది. ఆగస్టు పదిహేనుకి, జనవరి ఇరవయ్యారుకి బతికేది. ఉపన్యాసం మేడం రాసిచ్చేవారు, మేము బట్టీ పట్టేవాళ్లం, మర్చిపోయిన చోట పక్కనుంచి ఆవిడే అందించేవారు. తొమ్మిదో తరగతితో అది కూడా సరి. పదిలో 600 మార్కులు, పొద్దున్న స్టడీ, సాయంత్రం స్టడీ. ఆ బడి గొడవ ఇప్పుడెందుకు, అన్నీ అలాంటివే. చెప్పొచ్చేదేమంటే, బళ్లో ఉన్నన్నాళ్లూ ఒక్క విషయంలో కూడా మేము పదిమందిమి కూర్చుని ‘ఇలా చేద్దాం’ అని తీర్మానించుకున్నది లేదు.

బయట మాత్రం తీర్మానించాం! మా వీధిలో వినాయక చవితి పందిరి కమిటీకి నా పదమూడో ఏట చేరాను. చందా పుస్తకం ఎవరు పట్టుకోవాలి, ఏ ఇంటికి ఎవరు వెళ్తే 116 ఇస్తారు, ఎవరు వెళ్తే పదకొండుతో సరిపెడతారు, విగ్రహం ఎంత ఎత్తు, కరెంటు ఎవరింటి నుంచి లాగాలి, రాత్రి కాపలా ఎవరు పడుకోవాలి. లెక్కలన్నీ ఆఖర్న చార్టు మీద రాసి పందిట్లో అంటించాల్సిందే, లేకపోతే మరుసటేడు పైసా రాలదు. ఓ ఏడాది లెక్క తేలక కమిటీ రెండుగా చీలింది, అదే వీధిలో రెండు పందిళ్లు లేచాయి. ఇక సినిమా అభిమాన సంఘాల గురించి పిఠాపురం వాళ్లకి, అందులోనూ 2024 తర్వాత, నేను కొత్తగా చెప్పేదేముంది? ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో ఏ సైజులో ఉండాలో మా కుర్రాళ్లు చేసే చర్చ నేను చూసిన చాలా ఆఫీసు మీటింగుల కన్నా పద్ధతిగా ఉంటుంది.

అంటే ఈ ఊరి పిల్లలకి సంఘం నడపడం చేతకాక కాదు, ఆసక్తి లేకా కాదు. బడి బయట నడుపుతూనే ఉన్నారు. ఇరవై కిలోమీటర్ల లోపున్న కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ అని ఒకటుండేది. ఎస్వీ రంగారావు, అంజలీదేవి లాంటివాళ్లు సినిమాలకి ముందు అక్కడ నాటకాలాడినవాళ్లే. పేరులోనే ఉంది చూడండి, హ్యాపీ అని. వ్యక్తిత్వ వికాసం అనలేదు.

మరి బడికెందుకు క్లబ్బు, వీధిలో ఉందిగా అనొచ్చు. నేను ఇదంతా రాస్తున్నది ఆ ప్రశ్న కోసమే. మా పందిరి కమిటీలో ఒక్క ఆడపిల్ల లేదు. అభిమాన సంఘం ఫ్లెక్సీ మీదా ఉండదు. పూజకి పళ్లెం పట్టుకుని వచ్చేవాళ్లు, ప్రసాదం తీసుకుని వెళ్లేవాళ్లు. చందా పుస్తకం వాళ్ల చేతికి ఎప్పుడూ రాలేదు. పైగా వీధి అంటే మన ఊళ్లలో చాలాసార్లు కులం కూడా. పేటలో కుర్రాడు మా వీధి కమిటీలోకి రాడు, నేను వాళ్ల కమిటీలోకి పోను. ఈ రెండు గోడలూ దాటి, పద్నాలుగేళ్ల పిల్లలు ఒక పనికి కలిసి పూనుకోగల చోటు ఊరు మొత్తానికి హైస్కూలొక్కటే. దానికి కూడా పెయింటు బోర్డు తగిలించి తాళం వేశాం.

పూర్వం అంతా బావుండేదని కూడా నేననను. 1907 ఏప్రిల్లో బిపిన్ చంద్రపాల్ వచ్చి వెళ్లాక రాజమండ్రి కాలేజీ విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుంటే ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ వేటు వేశాడు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు చదువు పోయింది. ఆ కుర్రాళ్లకి బాలభారతి సమితి అని సొంత సంఘం ఉండేది. దాన్ని ఎవరూ గ్రాంటు ఇచ్చి పెట్టించలేదు. హంటర్ భయపడ్డాడంటే, అవతల నిజంగా ఏదో ఉంది కాబట్టే. ఇప్పటి ఎకో క్లబ్బుని చూసి ఏ ప్రిన్సిపాల్ భయపడతాడు?

కృష్ణశాస్త్రి సంగతి కూడా అలాంటిదే. పిఠాపురం హైస్కూల్లో తనకి ఇంగ్లీషు సాహిత్యం మీద రుచి కలిగించింది కూచి నరసింహం, దిగుమర్తి రామస్వామి అనే ఇద్దరు గురువులని చెప్పుకున్నాడు. రుచి అనేది పీరియడ్ల పట్టికలో ఉండదు. చెప్పేవాడికి తీరిక, వినేవాడికి తీరిక ఉంటే పుడుతుంది. ఆ తీరికని తీసేసి ఆయన ఫొటోకి దండ వేస్తున్నాం.

సాహిత్య సంస్థల పెద్దలు కూడా దీనికి బాధ్యులే. బడికి వచ్చి వ్యాసరచన పోటీ పెడతారు. అంశం ముందే తెలుసు: ‘పర్యావరణ పరిరక్షణలో విద్యార్థుల పాత్ర’, లేదంటే ‘సెల్‌ఫోన్ లాభనష్టాలు’. పిల్లలు గైడులో ఉన్నది రాస్తారు, గైడులో ఉన్నదానికే మొదటి బహుమతి వస్తుంది. తనకి నచ్చిన హీరో సినిమా ఎందుకు ఆడలేదో రాయమంటే అదే పిల్లాడు ఆరు పేజీలు రాస్తాడు, కారణాలతో సహా. దాన్ని విమర్శ అంటారని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఇంకో సంగతి. క్లబ్బులుంటే సాఫ్ట్ స్కిల్స్ వస్తాయి, ఇంటర్వ్యూల్లో పనికొస్తాయి అని దయచేసి ఎవరూ నాకు మద్దతుగా రావద్దు. ఆ మాట పట్టుకుంటే రెండేళ్లలో క్లబ్బు కూడా ట్యూషన్ అయి కూర్చుంటుంది, ఫీజు వేరే కట్టాలి.

2025–26 నుంచి ప్రతి శనివారం నో బ్యాగ్ డే అని మన ప్రభుత్వం ప్రకటించింది. సంచీ లేని రోజు, వినడానికే హాయిగా ఉంది. నా భయమల్లా, ఆ ఖాళీని నింపడానికి పైనుంచి టైంటేబుల్ దిగుతుంది, వెనకాలే ఫొటో ఫారం వస్తుంది. అందులో రెండు పీరియడ్లు పేరు పెట్టకుండా వదిలేయమని అడుగుతున్నాను. లైబ్రరీ బీరువా తాళం హెడ్మాస్టారి గదిలోంచి తీసి ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి ఆడపిల్లలిద్దరి చేతిలో పెట్టండి. నాలుగు పుస్తకాలు పోతే పోనీండి. గ్రాంటులో వెయ్యి రూపాయలు పిల్లలకే ఇచ్చి, లెక్క చార్టు మీద రాసి గోడకి అంటించమనండి, పందిట్లో లాగే. మొదటి నెల అంత్యాక్షరి ఆడతారు. రెండో నెల ఏం చెయ్యాలో తోచక విసుక్కుంటారు. మూడో నెల ఆ వెయ్యి రూపాయల మీద గొడవపడతారు. పడనివ్వండి, తీర్చడానికి వెళ్లకండి.

సాహిత్య సభ వాళ్లు కూడా రావచ్చు. వెనక బల్ల మీద కూర్చోవాలి, శాలువాలు తేకూడదు, పిల్లలు అడిగితే తప్ప మాట్లాడకూడదు.