వాణిశ్రీ కొప్పు – కణతల మీది జుట్టు

కదిరి నుంచి ఒక సోదరి ఇలా రాశారు: "వచ్చే నెల మా అమ్మాయి పెళ్ళి. 1972లో జరిగిన మా అమ్మ పెళ్ళి ఫోటోలో ఆమెకు వాణిశ్రీ కొప్పు ఉంది. రిసెప్షన్‌కి తనకూ అదే కొప్పు కావాలని అమ్మాయి పట్టుబట్టింది. అయితే నాలుగేళ్ళుగా ఉద్యోగానికి వెళ్తూ రోజూ జుట్టంతా వెనక్కి లాగి, నున్నగా ముడి వేసుకుంటోంది. ఈ మధ్య రెండు కణతల దగ్గరా జుట్టు పలచబడింది. ఇప్పుడు కొప్పు వేయించవచ్చా? పోయిన జుట్టు మళ్ళీ వస్తుందా?"

కొప్పు మన ఆడవాళ్ళకు కొత్త కాదు. కొత్తగా వచ్చింది దాని ఎత్తు. 1960లో చికాగోలో మార్గరెట్ విన్సీ హెల్ట్ అనే కేశాలంకరణ నిపుణురాలు తేనెపట్టులా పైకి లేచే జుట్టుముడిని తయారుచేశారు. ఆ దశకంలో ఎత్తు ముడులు ప్రపంచమంతా పాకాయి. మనకు 1971లో 'దసరా బుల్లోడు', 'ప్రేమ్‌నగర్' వచ్చిన రోజుల్లో వాణిశ్రీ కొప్పు పెళ్ళిపందిళ్ళ దాకా వచ్చేసింది. అంత ఎత్తు ఒట్టి జుట్టుతో రాదు. లోపల సవరమో, మెత్తో ఉండాలి. లేదా జుట్టును పాయలుగా తీసి కొసల నుంచి కుదుళ్ళవైపు ఎదురు దువ్వి ఉబ్బించాలి. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

వెంట్రుక పైపొర ఇంటికప్పు మీది పెంకుల్లా కుదురు నుంచి కొసవైపు పరుచుకొని ఉంటుంది. ఎదురు దువ్వితే ఆ పెంకులు లేచిపోతాయి. లేచిన పెంకు మళ్ళీ అతుక్కోదు. వెంట్రుక గరుకై, చిక్కుపడి, మధ్యలో తెగుతుంది. కుదురు బాగుంటే నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున కొత్త జుట్టు పెరుగుతుంది కనుక ఈ నష్టం తీరేదే. కుదురుకే దెబ్బ తగిలితే మాత్రం కథ వేరు.

మీ అమ్మాయికి తగిలింది బహుశా ఆ రెండో దెబ్బే. రోజూ గంటల తరబడి లాగి కట్టిన జుట్టు, కుదురును చర్మంలోంచి పీకుతున్నట్టే ఉంటుంది. నుదుటి అంచునా, కణతల దగ్గరా వెంట్రుకలు సన్నగా ఉంటాయి కనుక అవే ముందు ఓడిపోతాయి. ఇది మన కాలపు జబ్బేమీ కాదు. జుట్టును బిగించి కట్టుకునే గ్రీన్‌లాండ్ స్త్రీలలో ఈ లక్షణం ఉందని 1907లోనే రాశారు. ముడి విప్పగానే హాయిగా అనిపించడం, కుదుళ్ళ చుట్టూ చిన్న చిన్న పొక్కులు, కణతల మీద తెగిన పొట్టి వెంట్రుకలు... ఇవి తొలి హెచ్చరికలు.

రక్తహీనత, థైరాయిడ్ లోపం, టైఫాయిడ్ వంటి జ్వరాలు, కాన్పు వీటి వల్ల కూడా జుట్టు రాలుతుంది. కాని అప్పుడు సాధారణంగా తలంతా పలచబడుతుంది, కణతలు మాత్రమే కాదు. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజమే సుమా, దానికి కంగారు పడనక్కరలేదు.

ఇక మీ రెండో ప్రశ్న. వెలుతురులో కణతలు పరీక్షగా చూడండి. నూగులాంటి సన్నని వెంట్రుకలు ఇంకా కనిపిస్తుంటే ఆశ ఉంది. బిగింపు మానేస్తే కొన్ని నెలల్లో జుట్టు తిరిగి వస్తుంది. చర్మం నున్నగా మెరుస్తూ, వెంట్రుక మొలిచే రంధ్రాలే కనిపించకపోతే కుదురు మచ్చకట్టిందని అర్థం. అక్కడ ఏ నూనె రాసినా జుట్టు మొలవదు. ఏది ఏమైనా పెళ్ళయ్యాక చూద్దాంలే అనుకోకుండా ఈ వారమే చర్మవ్యాధుల నిపుణుడికి చూపించండి. ఇందులో ముందు వెళ్ళినవారికే లాభం.

కొప్పు వేయించవచ్చా అంటే, ఆ ఒక్క పూటకు, డాక్టరు వద్దనకపోతే వేయించండి. కాని ఇలా:

ముందురోజే తలంటి పూర్తిగా ఆరబెట్టాలి. తడిజుట్టు సాగుతుంది, సులువుగా తెగుతుంది. బోరు నీళ్ళలో సబ్బు నురగ రాకపోతే అది కఠినజలం. ఆ నీళ్ళతో సబ్బు రుద్దితే జుట్టుకు తెల్లని మడ్డి అంటుతుంది. కుంకుడుకాయ రసంతో ఆ బాధ ఉండదు.

ఎత్తు కోసం ఎదురు దువ్వవద్దు. తేలికైన మెత్తను నడినెత్తి వెనుక పెట్టి, పైజుట్టును దానిమీదుగా వదులుగా కప్పించండి. కణతల మీది జుట్టును లాగకుండా చెవుల మీదికి వంపుగా జారవిడిచి, వెనక్కి పిన్ను చేయాలి. అప్పట్లో చెవులు మూసిన కొప్పులూ ఉండేవి కనుక అందానికి లోటు రాదు, పలచన కూడా కనబడదు.

పాత సవరమైతే ఉతికి ఎండబెట్టాలి. ఒకరి సవరం మరొకరు పెట్టుకుంటే పేలు కూడా వస్తాయి. తుప్పు పట్టిన పిన్నులు పారేయండి. కదిరి మల్లెలకు పేరుపడ్డ ఊరు, పూలు తక్కువ పెట్టమంటే మీరెలాగూ వినరు! దండ బరువు నెత్తిమీది జుట్టు మీద కాక కొప్పు మీద, మెత్త మీద పడేలా గుచ్చండి.

కొప్పు పూర్తయ్యాక కనుబొమలు పైకెత్తి చూడమనండి. నుదురు లాగినట్టుంటే బిగింపు ఎక్కువే, అక్కడికక్కడే వదులు చేయించండి. బిగింపు వల్ల వచ్చే తలనొప్పికి మాత్ర కాదు మందు, పిన్నులు తీయడమే. స్ప్రే కొట్టేటప్పుడు కళ్ళు మూసుకోవాలి, దగ్గరలో దీపం, పొయ్యి ఉండకూడదు. అది భగ్గున అంటుకుంటుంది.

రిసెప్షన్ అయ్యాక ఎంత అలసటగా ఉన్నా కొప్పుతో పడుకోనివ్వకండి. పిన్నులన్నీ లెక్కపెట్టి తీసి, కొబ్బరినూనె చేతికి రాసుకొని, కొసల నుంచి మొదలుపెట్టి వేళ్ళతో చిక్కు విప్పాలి. తరువాత వెడల్పు పళ్ళ దువ్వెన.

ఒక్క పూట కొప్పు కంటే ప్రమాదం రోజూ వేసే ముడితోనే. మర్నాటి నుంచి వదులు జడ, గుడ్డ చుట్టిన రబ్బరుబ్యాండు, వారానికోసారి పాపిడి మార్పు, ఇంట్లో ఉన్నప్పుడు విప్పిన జుట్టు... ఇవి అలవాటు చేయండి. ఇంట్లో చిన్నపిల్లలకు బిగించి జడలు వేసే తల్లులకూ ఇదే మాట. పిల్ల "నొప్పమ్మా" అన్నదంటే మారాం కాదు, కుదురు చెబుతున్న మాట అది.