సున్నం కొట్టే ముందు ఒక్కసారి పైకి చూద్దాం



గుళ్ళ కుంభాభిషేకాలకు మనవాళ్ళు చందాలు ధారాళంగానే ఇస్తున్నారు. మంచి పనే. అయితే రసీదు తీసుకునే ముందు మనం ఒక్క ప్రశ్న అడగాలి: గోడలకు సున్నం కొడతారు సరే, ఆ గోడల మీద ఇప్పుడు ఏముందో ఎవరైనా చూశారా?

బొమ్మ అంటే మ్యూజియంలో ఉండాలి, కింద పేరుండాలి అని మనకో అలవాటు. రోజూ చూసేది కంటికి ఆనదు. రైల్వేలో పనిచేసిన మాబోటివాళ్ళకు ఇది బాగా తెలుసు. పసుపు బోర్డు మీద ఊరి పేరు తమిళంలో, హిందీలో, ఇంగ్లీషులో చేత్తో రాసిన పెయింటర్లుండేవారు. అచ్చు పోసినట్టుండేవి ఆ అక్షరాలు. వాళ్ళ పేరు ఎవరడిగారు? వంతెన గర్డరు మీద రంగు వేసిన తేదీ రాస్తారు, వేసినవాడి పేరు రాయరు.

గుళ్ళలోనూ అదే కథ. తిరువారూరు త్యాగరాజస్వామి గుడిలో ముచుకుందుడి కథ గీసిన చిత్రకారుడు సింగాదనం అని తన పేరు రాసుకున్నాడు. అలా పేరు మిగలడం అరుదు.

తిరువణ్ణామలై జిల్లా చెంగం వేణుగోపాల పార్థసారథి గుడికి మనలో ఎంతమంది వెళ్ళారు? నాయక రాజుల కాలంలో అక్కడి మండపం పైకప్పున రామాయణం గీశారు. వానరులు, రాక్షసులు, యుద్ధం. ఆ బొమ్మల పక్కన రాసిన మాటలు తెలుగులో ఉన్నాయి! తమిళదేశం నడిబొడ్డున, మన అక్షరాలు.

తంజావూరు వైపు కరుప్పూరు కలంకారీ కూడా అంతే. ఉత్సవాల్లో రథానికి, మండపానికి వేలాడే గొట్టాల్లాంటి రంగుల గుడ్డలను 'తొంబై' అంటారు. మనవాళ్ళ చెవికది అంకెలా వినిపిస్తుంది! వాటిని తరతరాలుగా చేత్తో గీస్తున్న కుటుంబాలు ఇంట్లో మాట్లాడేది తెలుగే. 2021లో దానికి జీఐ గుర్తింపు వచ్చింది. తేరు లాగేటప్పుడు మనం స్వామిని చూస్తాం, ప్రసాదం వరుస చూస్తాం. ఆ గుడ్డను ఎప్పుడైనా తలెత్తి చూశామా?

"గుడి పూజకు గాని బొమ్మలు చూడటానికా?" అని పెద్దలు కొందరు అంటారు. పూజ జరగాల్సిందే. కానీ ఆ గీసినవాడు కూడా పూజ అనుకునే గీశాడు కదా. అతని సేవను చెరిపేసి మన పేరు చెక్కిన చందాల రాయి నిలబెడితే పుణ్యం ఎవరికి? రాతి స్తంభాలను ఇసుక జల్లి అరగదీసే పద్ధతి వల్ల ఎన్నో శాసనాలు, చిత్రాలు పోయాకే దేవాదాయ శాఖ దాన్ని నిషేధించింది. పోయినవి మాత్రం తిరిగి రాలేదు.

ఇంకో మాట. మా చదువు తమిళ మీడియం. ఇంట్లో తెలుగు మాట ఉండేది, అక్షరాలు పెద్దయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నాం. మన పిల్లలకు ఆ మాత్రమూ రాదు. తెలుగు రాని కాంట్రాక్టరుకు గోడ మీది తెలుగు రాత మరకలాగే కనిపిస్తుంది. అది రాత అని చెప్పగలిగేవాళ్ళం మనమే. రేపు మన పిల్లలకూ అది మరకే అయితే ఇక చెప్పేదెవరు?

అందుకని సంఘం ముందు మూడు మాటలు పెడుతున్నాం. చందా ఇచ్చే ప్రతి గుడిలో పని మొదలుకాకముందే గోడలు, పైకప్పు ఫోటోలు తీయించాలి. పాత రంగు, రాత ఎక్కడ కనిపించినా పురావస్తు శాఖవాళ్ళు చూసేదాకా సున్నం ఆపమని రాతపూర్వకంగా అడగాలి. మూడోది, ఆదివారాల్లో మన హాలులో పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించాలి. నేర్చుకున్నవాళ్ళను బస్సులో చెంగం తీసుకెళ్దాం. ఆ బొమ్మల పక్కనున్న మాటలు వాళ్ళ చేతే చదివిద్దాం.

గీసినవాళ్ళ పేర్లు మనం తేలేం. వాళ్ళు రాసిన మాటను చదివేవాళ్ళను మాత్రం తయారుచేయగలం.