శబ్దం ఎక్కడినుంచి వస్తోంది?

పోయిన నెల మా స్కూటీ బ్రేకు పట్టినప్పుడల్లా కీచుమనడం మొదలుపెట్టింది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి, "ఏదో శబ్దం వస్తోంది, చూడు నాయనా" అన్నాను. అతను ఓ చుట్టు తిప్పి తెచ్చి, "ఏం లేదులేక్కా, బాగానే ఉంది. నీకట్ల అనిపిస్తాంది" అన్నాడు. ఇంట్లో మావారూ అదే మాట. మూడోనాడు టవర్ క్లాక్ దగ్గర ముందు బ్రేకు పట్టలేదు. మోచెయ్యి గీరుకుపోయింది, సంచిలో టమోటాలు రోడ్డు పాలయ్యాయి. అంతటితో పోయిందని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం చేతికి మందు రాస్తూ మా అమ్మాయి అడిగింది, "మెకానిక్‌కి ఏమని చెప్పావమ్మా?" అని.

"శబ్దం వస్తోందని చెప్పా."

"ఎప్పుడు? బ్రేకు నొక్కగానేనా, బండి ఆగబోయే ముందా? ముందు చక్రం దగ్గరా, వెనకా? లివరు పిడికి తగిలేదాకా వస్తోందా?"

నేను నోరు మెదపలేదు. నిజానికి ఆ జవాబులన్నీ నా చేతికీ చెవికీ తెలుసు. వాటిని మాటల్లో పెట్టడమే ఎవరూ నేర్పలేదు.

మా అమ్మాయి మెకానికల్ ఇంజినీరింగ్ మూడో ఏడు. 2019లో పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి కార్లు రావడం మొదలయ్యాక, ఆ దారిన బస్సులో వెళ్లినప్పుడల్లా కిటికీకి అతుక్కుపోయేది. ఇప్పుడు కాలేజీలో పదిమందితో కలిసి ఓ చిన్న రేసు కారు తయారు చేస్తోంది. "కారు దిగగానే డ్రైవర్ని మేం అడిగేవి ఇవేనమ్మా" అంది.

రేసంటే వేగం, తెగింపు, మూటల కొద్దీ డబ్బు అనుకునేదాన్ని. అవి లేకపోలేదు. కానీ దాని వెనక ఇంకో చదువుంది. మలుపులో స్టీరింగు తిప్పినా కారు ముక్కు తిరక్కుండా తిన్నగా పోతుంటే అదొక జబ్బు. ముక్కు తిరిగి వెనక భాగం పక్కకు జారిపోతుంటే అది వేరే జబ్బు. దేని మందు దానిదే. అది మలుపు మొదట్లో వస్తోందా, మధ్యలోనా, బయటికొచ్చేటప్పుడా అన్నదాన్ని బట్టి టైర్లలో గాలి, స్ప్రింగుల బిగువు, రెక్కల వాలు సరిచేస్తారు. చెప్పడంలో తప్పితే వైద్యమూ తప్పుతుంది. ఫార్ములా వన్ కారులో దాదాపు 300 సెన్సార్లుంటాయి. అయినా కారు ఆగగానే ఇంజినీరు డ్రైవర్ని అడుగుతాడు, ఎలా ఉందని. అంకెలు జరిగింది చెబుతాయి. ఆ కారును ఎంతవరకు నమ్మవచ్చో నడిపినవాళ్లే చెప్పాలి. డ్రైవర్ని తీర్చిదిద్దడమంటే వేగంతో పాటు ఈ మాట నేర్పడమే.

మన సీమలో ఇది కొత్త విద్యేం కాదు. వాన పడిన మర్నాడు పిడికెడు మట్టి తీసి పిసికి చూసి, "ఇంకా పదును రాలేదు, రేపటిదాకా ఆగు" అనే అవ్వలు మనందరికీ తెలుసు. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వానే దక్కే ఈ నేలలో ఆ మాట వినకపోతే విత్తనం మట్టిపాలే. చేతికి తెలిసింది నోటితో చెప్పేవాళ్లూ, విని ఆగేవాళ్లూ... ఇద్దరూ ఉంటేనే సేద్యం.

అయితే ఆ తెలివి ఊరికే రాదు. తప్పులు చేసే వీలుండాలి. కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగు మూలాల కుటుంబంలో పుట్టిన కరివర్ధన్ ఈ సంగతి గ్రహించారు. విదేశీ రేసు కారు కొనే స్తోమత మన కుర్రాళ్లకు లేదని, 1980ల చివర్లో మారుతి 800 ఇంజిన్‌తో ఒంటి సీటు కారు తయారు చేశారు. అదే ఫార్ములా మారుతి. విరిగితే బాగుచేసుకోగల కారు కాబట్టి ఎందరో ధైర్యంగా నేర్చుకున్నారు. 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడు నరైన్ కార్తికేయన్ కూడా మొదట అలాంటి కార్లే నడిపాడు. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో కన్నుమూశారు. కోయంబత్తూరు దగ్గరి ట్రాకుకు ఆయన పేరే పెట్టారు. విద్యార్థుల ఫార్ములా భారత్ పోటీలకు వేదికైంది అదే. మా అమ్మాయి వాళ్లు సిద్ధమవుతున్నదీ ఆ పోటీలకే.

మరి నేర్చుకునే ఆ వీలు ఆడపిల్లలకు ఎంత దొరికింది? 1975లో ఇటలీ మహిళ లెల్లా లొంబార్డి స్పెయిన్ రేసులో అర పాయింటు సాధించింది. ఫార్ములా వన్‌లో ఆడవాళ్లకు ఇప్పటిదాకా దక్కింది ఆ అరే! 1976 తర్వాత ఏ మహిళా అక్కడ రేసు మొదలుపెట్టలేదు. రేడియోలో డ్రైవరుతో మాట్లాడే రేస్ ఇంజినీరు కుర్చీలో పూర్తిస్థాయిలో తొలి మహిళ లారా ముల్లర్ కూర్చోవడానికి 2025 రావలసి వచ్చింది. అమ్మాయిల కోసమే ఎఫ్-వన్ అకాడమీ 2023లో మొదలైంది. ఆలస్యమైనా మంచిదే.

అంత దూరం పోనక్కర్లేదు. విద్యార్థుల పోటీలో సుమారు 22 కిలోమీటర్ల పరుగొకటి ఉంటుంది. సగంలో డ్రైవరు మారాలి. ఆ రెండో సీటుకు తననూ పరీక్షించమని మా అమ్మాయి అడిగితే, "నువ్వు రిపోర్టులు చూడు" అన్నారట జట్టులో. రిపోర్టులు తక్కువ పనేం కాదు. ఈ తరహా పోటీల్లో 1000 మార్కుల్లో 325 కారు కదలకముందే వస్తాయి. "అది చేస్తానమ్మా. కానీ అందరితో పాటు నాకూ నాలుగు రౌండ్లు ఇచ్చి చూడాలి కదా" అని నా దగ్గర రెండుసార్లు అంది. నేనేమన్నానో తెలుసా? "ఏం లేదులే, నీకట్ల అనిపిస్తోంది. ఎందుకొచ్చిన గొడవ" అన్నాను. లోపల హమ్మయ్య అనుకున్నాను కూడా. దెబ్బ తగులుతుందన్న భయం నాది. కానీ మెకానిక్ నాతో అన్న మాటే నేను నా కూతురితో అన్నానని, మోచెయ్యి మండుతున్న ఆ రాత్రి గానీ తెలియలేదు.

మర్నాడు తనను మళ్లీ అడగమన్నాను. వచ్చే ఆదివారం ఆమెకూ నాలుగు రౌండ్లు ఇస్తున్నారు. సీటు వస్తుందో రాదో తర్వాతి సంగతి.

బండి గురించి గానీ, ఒంట్లో నలత గురించి గానీ, కాలేజీలో జరిగింది గానీ మన పిల్లలు చెప్పబోతే "ఏం లేదులే" అనకుండా "ఎప్పుడు? ఎక్కడ? ఎలా?" అని అడుగుదాం. మనమూ అలాగే చెప్పడం నేర్చుకుందాం.

ఇంతకీ స్కూటీ సంగతి చెప్పలేదు కదూ! మర్నాడు అదే మెకానిక్ దగ్గరికెళ్లి, "నొక్కగానే ముందు చక్రం దగ్గర కీచుమంటోంది, లివరు పిడిదాకా వస్తోంది" అన్నాను. అతను ఒక్క మాటా మాట్లాడకుండా పానా అందుకున్నాడు.