గట్టి నేలే... దాని కిందేముంది?

కోట్లు పోసి కొనుక్కున్న ఫ్లాటు. కిటికీలోంచి చూస్తే నగరమంతా కనిపిస్తుంది. తీరా నేలమీద గోలీ పెడితే... దానంతటదే దొర్లుకుంటూ పోతుంది! అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న మిలీనియం టవర్‌ సంగతిది. 58 అంతస్తులు, 419 ఫ్లాట్లు. 2009లో జనం కాపురాలకు దిగారు. ఆ భవనం 16 అంగుళాలు కుంగిందనీ, ఓ పక్కకు ఒరిగిందనీ 2016లో లోకానికి తెలిసింది.

పునాది సరిగ్గా వేయలేదా అంటే, పది అడుగుల మందాన కాంక్రీటు దిమ్మె పోశారు. దానికింద దాదాపు 950 కాంక్రీటు పైళ్లను 60 నుంచి 90 అడుగుల లోతుకు దిగ్గొట్టారు. పైనున్న పూడికమట్టినీ బురదనూ దాటుకుని అవి దట్టమైన ఇసుకపొరలో నాటుకున్నాయి. సమ్మెట ఎంత కొట్టినా పైలు ఇక దిగకపోతే గట్టినేల తగిలినట్టే. కానీ ఆ ఇసుక కింద మందపాటి బంకమట్టి ఉంది. అసలు రాయి ఎక్కడో 250 అడుగుల లోతున!

ఒక్క పైలు మీద బరువు పెట్టి పరీక్షిస్తే ఇసుక చక్కగా మోస్తుంది. వందల పైళ్లు పక్కపక్కనే ఉంటే లెక్క మారిపోతుంది. పరుపును వేలితో నొక్కితే పైపైనే అణుగుతుంది. అదే మనిషి పడుకుంటే అడుగుదాకా కుంగుతుంది. ఇదీ అంతే. భవనం బరువంతా కలిసి ఇసుకను దాటి బంకమట్టి మీద పడింది. అందులోని నీరు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా బయటికి పోతుంటే మట్టి అణిగిపోతూ వచ్చింది. ఇరుగుపొరుగు నిర్మాణాల కోసం భూగర్భజలాన్ని తోడేయడమే కారణమన్న వాదనా వచ్చింది. కోర్టుకెక్కిన ఆ గొడవ 2020లో రాజీతో ముగిసింది.

మరి దట్టమైన నేలలో ఎలాంటి పైళ్లు వేయాలి? ముందే పోసి తెచ్చిన పైలును సమ్మెటతో దిగ్గొడితే చుట్టూ ఉన్న మట్టి ఇంకా బిగుసుకుంటుంది, అది లాభమే. కానీ నేల మరీ గట్టిదైతే పైలు మధ్యలోనే మొరాయిస్తుంది, తల పగిలిపోతుంది. ఆ అదురుకు పక్కింటి గోడలూ బీటలివ్వొచ్చు. అలాంటిచోట యంత్రంతో గొయ్యి తొలిచి, ఇనుప చట్రం దించి, అడుగునుంచి పైకి కాంక్రీటు నింపుతారు. గోడలు విరిగిపడకుండా బెంటొనైట్‌ మట్టి కలిపిన నీళ్లు గోతినిండా ఉంచుతారు. ఈ పద్ధతిలో గట్టిపొరను తొలుచుకుంటూ రాతిదాకా వెళ్లొచ్చు. అయితే అడుగున మిగిలిన బురదను శుభ్రం చేయకపోతే పైలు దానిమీదే కూర్చుంటుంది.

అన్నిచోట్లా గట్టిరాయిదాకా వెళ్లాల్సిందేనా అంటే, అక్కర్లేదు. దుబాయ్‌లోని బుర్జ్‌ ఖలీఫా కింద ఒకటిన్నర మీటర్ల వెడల్పున్న 192 పైళ్లు ఉన్నాయి. అక్కడిది మెత్తని రాయి. పైళ్లు ప్రధానంగా తమ చుట్టూ ఉన్న రాతి పట్టుతోనే బరువు మోస్తాయి. ఆ పొరలు ఎంత మోయగలవో ముందే లెక్కగట్టడంలోనే ఉంది కిటుకంతా.

మిలీనియం టవర్‌కు మరమ్మతులు మొదలుపెట్టాక 2021లో అది మరింత వేగంగా కుంగింది. దాంతో పని ఆపి, 52 అనుకున్న కొత్త పైళ్లను 18కి తగ్గించారు. రాతిదాకా దించిన ఆ ఉక్కు పైళ్లతో 2023లో మరమ్మతు పూర్తయింది. ఖర్చు సుమారు 10 కోట్ల డాలర్లు!

హైదరాబాద్‌లో చాలాచోట్ల కొద్ది అడుగులకే రాయి తగులుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో అలా కాదు, ఇసుకా బంకమట్టీ పొరలు పొరలుగా ఉంటాయి. కాబట్టి ఎత్తయిన అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటు కొనేటప్పుడు పాలరాయి మెరుపుతోపాటు మట్టి పరీక్ష నివేదికనూ అడిగి చూడాలి. పైళ్లు ఎంత లోతున ఆగాయి, ఆ తరవాత ఇంకెంత లోతు వరకూ బోరువేసి చూశారు? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు దొరికాకే అడ్వాన్సు ఇవ్వడం మంచిది!