జిరాక్సు సీతాకోక

వేసవి సెలవులు ఇచ్చీ ఇవ్వకముందే నెల్లూరులో సందుకో ఫ్లెక్సీ లేస్తుంది. కరాటే, అబాకస్, కీబోర్డు, డ్రాయింగ్. డ్రాయింగులో చేరిన పిల్లకి వాటర్ కలర్ మొదటి పాఠం ఏమిటో క్లాసులోకి తొంగిచూడకుండానే చెప్పగలను. సీతాకోకచిలుక. జిరాక్సు తీసిన కాగితం చేతిలో పెడతారు. మధ్యలో దోసకాయలాంటి ఒళ్ళు, దానికో నవ్వుమొహం, అటు రెండు ఇటు రెండు రెక్కలు, రెక్కల్లో సున్నాలు. "గీత దాటకుండా రంగులెయ్యండి" అంటారు. గంటకల్లా ముప్పై సీతాకోకలు తయారు. సాయంత్రానికి అమ్మల వాట్సాప్ గ్రూపు నిండా ఫొటోలే.

ఇది తప్పంటే ఛాందసుడంటారు. "చిన్నపిల్లలు సార్, మొదట్లో తేలిగ్గా ఉండాలి. ఒక బొమ్మ పూర్తయితే ధైర్యం వస్తుంది. మీరు చెప్పేవన్నీ తర్వాత నేర్చుకుంటారులే" అని సర్దిచెబుతారు. టీచర్లదీ, తల్లిదండ్రులదీ, రంగుపెట్టెలమ్మే కొట్టాయనదీ ఒకటే మాట. తేలికే, నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ తేలిక పిల్లలకి కాదు, మనకి. ముప్పైమందికి ఒకే బొమ్మ ఇస్తే దిద్దే పని తగ్గుతుంది, నేల మీద నీళ్ళు ఒలకవు, ఇంటికి తీసుకెళ్ళడానికి ఒక బొమ్మంటూ ఉంటుంది. ఆ సౌకర్యానికి "పిల్లల స్థాయి" అని ముద్దుపేరు పెట్టుకున్నాం.

ఈ పాపంలో నాకూ వాటా ఉంది. లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై డ్రాయింగు మాస్టరునైన కొత్తలో బోర్డు మీద సుద్దముక్కతో సీతాకోకని గీసి, చూసి వెయ్యమని కుర్చీలో కూర్చునేవాణ్ణి. చక్కగా దిగినవాడికి "గుడ్". దిగనివాడు ఆ పీరియడ్‌తోనే తనకి బొమ్మలు రావని తీర్మానించుకునేవాడు. ఇప్పుడు యాభై దాటిన ఆ పిల్లలు బజారులో కనబడితే "మనకి బొమ్మలు రావులే సార్" అని నవ్వుతూనే అంటారు. వాళ్ళకి రాలేదని ఎవరు తేల్చారు? ఆ సుద్దముక్కే.

అసలు సంగతికొస్తాను. గీత దాటొద్దన్న ఆజ్ఞా, నీళ్ళరంగూ ఒక ఒరలో ఇమడవు. గీతలోపలే రంగు నింపాలంటే క్రేయాన్లున్నాయి, స్కెచ్ పెన్నులున్నాయి, హాయిగా ఇవ్వండి. వాటర్ కలర్‌లో పని చేసేది కుంచె కాదు, నీరు. తడి కాగితం మీద నారింజ చుక్క పెడితే అది ఒకచోట నిలబడదు, పాకుతుంది. పక్కన నలుపు తగిలిస్తే రెండూ ఒకదాన్లోకి ఒకటి జారి, మధ్యలో మనం కలపని మూడో రంగు పుడుతుంది. కాగితం ఎంత ఆరింది, కుంచెలో తడి ఎంత ఉంది అన్నదే ఇందులో విద్యంతా. జిరాక్సు కాగితం ఈ విద్యకి దారే మూసేస్తుంది. ఆ కాగితం చదరపు మీటరుకి డెబ్బై అయిదు గ్రాములు. నీళ్ళు తగిలితే అప్పడంలా ఉబ్బుతుంది, రెండోసారి కుంచె రాస్తే పొట్టు లేస్తుంది. అందుకని పిల్లలు నీళ్ళు మానేసి, రంగుబిళ్ళని కుంచెతో అరగదీసి, సున్నం కొట్టినట్టు పూస్తారు. అక్కడితో అది వాటర్ కలర్ కాకుండా పోయింది. పేరు మాత్రం అదే.

తెలుపు సంగతీ చూడండి. నీళ్ళరంగుల్లో తెలుపంటే కాగితమే. తెల్లగా ఉండాల్సినచోట రంగు పడకుండా ముందే వదిలెయ్యాలి. ఎక్కడ వదలాలో తెలియాలంటే వేసేదాన్ని ముందు చూసి ఉండాలి. జిరాక్సు బొమ్మలో చూడ్డానికేముంది? ఆ సున్నాలు ఏ సీతాకోక రెక్కవీ కావు.

జిరాక్సుకి బదులు రంగు ప్రింటు ఇచ్చేచోట కనబడే నారింజ సీతాకోక మాత్రం చాలాసార్లు నిజమైనదే, కానీ మనది కాదు. దట్టమైన నల్లటి నరాలతో ఉండే అది అమెరికా మోనార్క్. చలికాలానికి వేల కిలోమీటర్లు ఎగిరి మెక్సికో కొండల అడవుల్లోకి చేరే జాతి. (నరాలు నల్లగా ఉండే చారల రకం మనకీ ఒకటుంది, కాదనను.) మైపాడు రోడ్డున, రొయ్యల గుంటల కట్టల మీద, సరుగుడు తోటల అంచున, ఇసుకలో జిల్లేడు లేచిన ప్రతిచోటా తిరిగేది దాని చుట్టం. ఇంగ్లీషువాళ్ళు ప్లెయిన్ టైగర్ అంటారు. రెక్కలు కావిరంగు కలిసిన నారింజ, ముందురెక్కల కొసలు నలుపు, ఆ నలుపులో తెల్లమచ్చల పట్టీ. తలా రొమ్మూ నల్లగా ఉండి, వాటి మీద ముగ్గుపిండి చిలకరించినట్టు తెల్లచుక్కలు. వెనకరెక్క మీద నల్లమచ్చలు మూడుంటే ఆడది, నాలుగుంటే మగది. ఇది జిల్లేడాకు అడుగున గుడ్డు పెడుతుంది. పుట్టిన పురుగు నలుపూ పసుపూ తెలుపూ పట్టీలతో జిల్లేడునే తిని పెరుగుతుంది. మూడు నాలుగు వారాల్లో గుడ్డు కాస్తా రెక్కలు విప్పుతుంది.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారే, అలా ఉంది మన వ్యవహారం. ఈ సీతాకోకనే ఈజిప్టువాళ్ళు క్రీస్తుకు పూర్వం 1350 ప్రాంతంలో నెబామూన్ అనే ఉద్యోగి సమాధి గోడ మీద వేశారు. రెల్లుదుబ్బుల్లో పక్షుల వేట బొమ్మ అది, ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. జాతిని గుర్తుపట్టేంత శ్రద్ధగా వేశాడు ఆ పనివాడు. వినాయక చవితి పత్రిలో జిల్లేడు, రథసప్తమి స్నానానికి నెత్తిన జిల్లేడు, బడికి పోయే దారిలో మొగ్గ నొక్కి టప్పున పేల్చే ఆటకి జిల్లేడు. ఇంత పరిచయమున్న మన పిల్లలకి మాత్రం సీతాకోకని ఇంటర్నెట్ నుంచి దించుకొచ్చి ఇస్తున్నాం.

గూడూరు వైపు ఇంకో చోద్యం. ఆ ప్రాంతమంతా నిమ్మతోటలు. నిమ్మాకు మీద పెరిగే సీతాకోక ఒకటుంది, నలుపు మీద లేతపసుపు మచ్చలు, వెనకరెక్కన ఇటికరంగు బొట్టు. దాని పురుగు చిన్నప్పుడు అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది, పుల్లతో తాకితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ముల్లాంటివి చాచి కంపు కొడుతుంది. లేతాకు తినేస్తుంది కనక రైతు మందు కొడతాడు, అతని బాధ అతనిది. ఆ రైతు కూతురు బళ్ళో గులాబీరంగు సీతాకోకకి "గుడ్" వేయించుకుని ఇంటికొస్తుంది. తోటలో నాన్న చంపుతున్నదీ, తను రంగులేసినదీ ఒకే జీవమని ఆ పిల్లకి చెప్పేవాళ్ళు లేరు.

"సీతాకోక కుదురుగా కూచుంటుందా సార్, చూసి వెయ్యడానికి?" ఇది బలమైన ప్రశ్నే అనుకుని అడుగుతారు. నిమ్మసీతాకోక కూచోదు, నిజమే. జిల్లేడుది అలా కాదు. జిల్లేడు పాలలోని విషం పురుగుగా ఉన్నప్పుడే దాని ఒంట్లోకి చేరుతుంది, పిట్టలు దాని జోలికి పోవు. ఆ ధీమాతో నింపాదిగా ఎగురుతుంది. మొన్న మా చెల్లెలి మనవరాలు, ఏడేళ్ళది, గుంట కట్టమీద గొంతుకూర్చుని చూసింది. ఆకు తుంచొద్దనీ, పాలు కంట్లో పడితే ప్రమాదమనీ ముందే చెప్పాను. కాసేపటికి అదే గుసగుసగా, "తాతా, దీనికి రెక్కలు పొట్టకి లేవు, ఎదకున్నాయి" అంది. ముప్పై జిరాక్సుల్లో దోసకాయ పొడుగునా అంటించి ఉండే రెక్కలు ఎక్కణ్ణుంచి మొలుస్తాయో పావుగంటలో అదే కనిపెట్టింది. ఇంకాసేపటికి, "మూసుకుంటే కొస నల్లగా లేదు తాతా, మట్టిరంగుంది" అంది. రెక్క కిందివైపు రంగు వేరే ఉంటుందని నేను ఏ క్లాసులోనూ చెప్పిన గుర్తులేదు.

ఇంటికొచ్చి వేసింది. మొదటిది చెడింది. నారింజ ఆరకముందే నలుపు పెట్టింది, రెక్క మొత్తం బురదయింది. ఏడ్చింది కూడా. రెండోదానికి తెల్లమచ్చలున్నచోట కొవ్వొత్తి ముక్కతో నొక్కి రుద్దమన్నాను. మైనం మీద నీళ్ళు నిలవవు కదా, పైన నలుపు పూస్తే మచ్చలు వాటంతటవే తెల్లగా తేలాయి. నోరు తెరిచి చూసింది. పెన్సిలుతో ఒక్క గీతా ముందు గియ్యలేదు. నీళ్ళతో రెక్క ఆకారం తడిపింది, ఆ తడిలో పసుపు, అందులో కాస్త ఎరుపు, చిటికెడు కావి. వేసవి కాబట్టి మధ్యాహ్నం దాకా పడమటిగాలికి కుంచె ఎత్తేలోపు కాగితం ఆరిపోయేది. సముద్రపుగాలి తిరిగాక అదే కాగితం ఎంతకీ ఆరదు. దాన్ని కూడా తనే గమనించి, "సాయంత్రం వేద్దాం తాతా, రంగు బాగా పాకుతుంది" అంది. నెల్లూరు సముద్రతీరంలో నీళ్ళరంగు నేర్పడానికి ఇంతకంటే పాఠం నా దగ్గర లేదు.

బొమ్మ అందంగా వచ్చిందా అంటారా? ఒక రెక్క పెద్దది, ఒక రెక్క చిన్నది. వాట్సాప్‌లో పెడితే ఎవరూ మెచ్చుకోరు.

సంప్రదాయాన్ని అడ్డంపెట్టే వాదం ఒకటుంది. మన కళలన్నీ చూసి దిద్దడంతోనే వచ్చాయి కదా అంటారు. వచ్చాయి. శ్రీకాళహస్తి కలంకారీలో కుర్రవాడు చింతబొగ్గుతో గురువు గీతని దిద్దుతాడు. కానీ దిద్దేది గీత. చెయ్యి తిరిగేదాకా వాడే గీస్తాడు, గీసింది చెరిపేసి మళ్ళీ గీస్తాడు. ఎవరో గీసిపెట్టిన దానిలో రంగు మాత్రం నింపి బయటపడడు. పెడనలో అద్దకానికి అచ్చులు వాడతారుగా అంటే, ఆ చెక్క మీద పువ్వు చెక్కినవాడు ముందు గీయడం నేర్చినవాడే. అచ్చు అక్కడ పనిముట్టు, ఇక్కడ దాన్నే చదువు చేశారు.

నీళ్ళరంగుల్లో తెలుగువాళ్ళకి పేరు తెచ్చిన దామెర్ల రామారావు కథ కూడా ఇక్కడ చెప్పుకోవాలి. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర తనూ చిత్రకారుడే. ఆ కుర్రవాడి చెయ్యి చూసి బొంబాయి జె.జె. స్కూలుకి వెళ్ళేలా చేశాడు. 1925లో పోయేనాటికి రామారావుకి ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు. ఆయన బొమ్మలు రాజమండ్రి గ్యాలరీలో ఇప్పటికీ ఉన్నాయి, వెళ్తే చూడండి. అంతటివాళ్ళు అందరూ కారు కదా అని కొట్టిపారెయ్యకండి. నేను అడిగేది చిత్రకారుల్ని తయారుచెయ్యమని కాదు. ఏడేళ్ళ పిల్ల చేతికి ఖాళీ కాగితం ఇమ్మని.

ఖర్చు మాటా వస్తుంది. మూడువందల గ్రాముల కాగితం ఖరీదే. ఒక పెద్ద షీటు కొని ఎనిమిది ముక్కలు చెయ్యండి, అరచెయ్యంత సీతాకోకకి ఆ ముక్క చాలు. పన్నెండు బిళ్ళల పెట్టె, ఒక లావు కుంచె, ఒక సన్న కుంచె, కుంచె కడగడానికొకటీ మంచినీళ్ళకొకటీ రెండు డబ్బాలు. నలుపు బిళ్ళ పక్కన పెట్టేసి, గోధుమరంగూ నీలమూ కలిపి నలుపు చెయ్యనివ్వండి, అది చచ్చిన నలుపులా ఉండదు. సెలవులన్నిట్లో నాలుగు బొమ్మలైతే ఎక్కువ. పోటీల జడ్జీలకి నేనూ ఒకప్పుడు ఆ కుర్చీలో కూచున్నవాడిగా ఒక మనవి: నీటుగా ఉందని మార్కులు వెయ్యడం మానండి. నీటుగా ఉన్నది జిరాక్సు మిషను గీత.

తల్లిదండ్రులకి చెప్పేది ఒకటే. ఈ వేసవిలో ఫీజు కట్టేముందు మొదటిరోజు పిల్లకి ఏ కాగితం ఇస్తారో అడగండి. జిరాక్సు అంటే డబ్బులు జేబులో పెట్టుకుని, పిల్లని బండి మీద ఎక్కించుకుని ఇటు మైపాడు రోడ్డుకి రండి. జిల్లేడు ఏడాది పొడుగునా పూస్తూనే ఉంటుంది.