నిప్పుల కింద చాపలేంది సామీ!

మొన్నామధ్య వేంపల్లె నుంచి మా తమ్ముడు వాట్సాప్‌లో ఓ బొమ్మ పంపించాడు. మిద్దె మీద కొత్తగా వేయించబోయే డెక్కంట. డబ్ల్యూపీసీ పలకలు, అంటే చెక్కపొడీ ప్లాస్టిక్కూ కలిపి చేసినవి. మూలన బార్బెక్యూ పొయ్యి, దాని కింద నల్లటి చాప. "అన్నా, మీ అమెరికా ఇంటి మాదిరే చేయిస్తాండా, ఎట్లుంది?" అని అడిగాడు.

నాకు తల తిరిగింది. పాపఘ్ని ఒడ్డున, రాళ్ళకు ఏ కొరతా లేని ఊళ్ళో, వీడు ప్లాస్టిక్ పలకల మీద నిప్పు పెడతాడంట! మా ఊరి రాతి పొరలకు భూగర్భ శాస్త్రం పుస్తకాల్లో 'వేంపల్లె ఫార్మేషన్' అని మా ఊరి పేరే ఉంది. ఎక్కడెక్కడి వంటింటి గట్ల మీదో కనిపించే నల్లబండను జనాలు కడప బండ అనే అంటారు. పేర్లు మావి, కొనేది మాత్రం ప్లాస్టిక్కు.

సరే, వాణ్ణి తిట్టేముందు నా సంగతి చెప్పాలి. ఎందుకంటే వాడు చూసి నేర్చుకున్నది నన్నే.

ఇక్కడ నార్త్ కరోలినాలో మా ఇంటి వెనక చెక్క డెక్కు ఉంది. గ్రిల్లు కొన్నరోజే దాని కింద పరిచే చాప కూడా కొన్నాను. డబ్బా మీద 'మంటకు తట్టుకుంటుంది' అని రాసి ఉంది కదా, ఇంకేం.. తాయెత్తు కట్టించుకున్నోడి మాదిరి నిశ్చింతగా ఉన్నా. ఓ ఆదివారం స్నేహితుల్ని పిలిచి బొగ్గుల మీద చికెన్ కాల్చాం. మర్నాడు పొద్దున చూస్తే బూడిద చల్లారినట్టే ఉంది. కాగితం సంచిలోకి ఎత్తి, డెక్కు మూలన పెట్టి, పనిలో పడ్డాను. మధ్యాహ్నం మీటింగులో ఉండగా పొగ వాసన. పరిగెత్తుకెళ్ళేసరికి సంచి లేదు. రెండు పలకలు కణకణలాడుతున్నాయి, మంట రెయిలింగును అందుకుంటోంది. సరిగ్గా దాని పైన ఉన్న గదిలో మా పాప నిద్రపోతోంది. తోటకు నీళ్ళు పట్టే పైపు చేతికి అందింది కాబట్టి సరిపోయింది.

అన్నట్టు, చాపకు ఏమీ కాలేదు. కొత్తదానిలా మెరుస్తూ ఉంది!

నా గొడవంతా ఇదే. చాప తన కింద ఉన్న నాలుగడుగుల చోటును మాత్రమే చూసుకుంటుంది. జిడ్డు, నూనె చుక్కలు, ఒకటీ అరా నిప్పురవ్వ.. అంతవరకూ పనికొస్తుంది, కాదనను. కానీ మనం దాన్ని కొని ఇక చూసుకోనక్కర్లేదు అనుకుంటాం. ఒక్క పోర్టు మూసేసి సర్వరంతా భద్రం అనేవాణ్ణి ఆఫీసులో ఏమంటాం? ఇంట్లో మనం చేసేది మాత్రం అదే. పైగా ఆ చాపను ఏడాదంతా అక్కడే వదిలేస్తే కింద వాన తడి ఆరక చెక్క కుళ్ళుతుంది.

లెక్కలు చూడండి. బొగ్గులు బాగా రాజుకుంటే వేడి 500 డిగ్రీలు దాటుతుంది. డబ్ల్యూపీసీ పలకల్లో ఎక్కువగా కలిపే పాలిథిలీన్ 130 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. అమెరికాలో చాలాచోట్ల పాటించే ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్ ప్రకారం, స్ప్రింక్లర్లు లేని అపార్టుమెంట్లలో చెక్క బాల్కనీల మీద, చెక్క గోడలకు 10 అడుగుల లోపల బొగ్గుల గ్రిల్లు వెలిగించకూడదు. సొంతిళ్ళకు ఆ నిబంధన లేదు. నిబంధన లేదంటే నిప్పు కాల్చదని కాదు కదా!

ఇదంతా ఫోన్లో చెప్తే తమ్ముడు ఏమన్నాడో తెలుసా? "చాప వద్దంటే ఆస్‌బెస్టాస్ రేకు ముక్క ఏస్తాలేన్నా, అది కాలదు కదా." నిజమే, కాలదు. పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లెలో ఆ రాతినార తవ్వినవాళ్ళమే మనం. కానీ ఆ పోగులు ఊపిరితిత్తుల్లోకి పోతే క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. రేకును కోసినా, అది పగిలినా పోగులు లేస్తాయి. డెక్కును కాపాడబోయి మనిషిని పోగొట్టుకుంటామా?

మా జేజికి ఏ కోడూ తెలీదు. ఎండాకాలం వాకిట్లో మట్టి మీద మూడు రాళ్ళ పొయ్యి పెట్టేది. పక్కన కట్టెల మోపు కూడా ఉండనిచ్చేది కాదు. పెళ్ళిళ్ళకు గాడిపొయ్యి తవ్వేదీ నేలలోనే. వంటయ్యాక నిప్పుల మీద నీళ్ళు చల్లి, పుల్లతో కెలికి, మళ్ళీ చల్లిగానీ బూడిద ఎత్తేది కాదు. ఆమె ఏమీ కొనలేదు. నిప్పును కనిపెట్టుకుని ఉండేది, అంతే.

అందుకే నేను చెప్పేది: చెక్క మీద నిప్పు పెట్టొద్దు. గ్రిల్లును కింద నేల మీదికి దించండి. ఇంటికి, చెట్లకు దూరంగా పెట్టండి. తప్పదు, డెక్కు మీదే అంటారా, బండ వేయండి. అంగుళం మందం బండ చదరపు అడుగుకు సుమారు ఆరున్నర కిలోలు, అంటే 14 పౌన్లు. ఇక్కడి డెక్కులను మామూలుగా చదరపు అడుగుకు 40 పౌన్ల బరువుకు కడతారు. డెక్కు పాతదైతే ముందు తెలిసినవాళ్ళకు చూపించండి. బండ కింద ఇటుక ముక్కలు పెట్టి గాలి ఆడనివ్వండి, లేకపోతే వేడి, తడి రెండూ చెక్కకే దిగుతాయి. బండ మీద నేరుగా మంట పెట్టొద్దు, కాలిన బండ మీద నీళ్ళు పోయొద్దు, పగులుతుంది. నిమ్మరసం పడితే తెల్ల మచ్చలు పడతాయి, అది మన వంటిళ్ళలో అందరికీ తెలిసిందే. బూడిద మాత్రం మూతున్న ఇనప డబ్బాలో, నీళ్ళు పోసి, ఇంటికి దూరంగా నేల మీద పెట్టండి.

తమ్ముడు ఇంకా తేల్చలేదు. "బండలేస్తే పల్లెటూరి ఇల్లు మాదిరి ఉంటాది న్నా" అంటున్నాడు. వేంపల్లెలో ఇల్లు వేంపల్లె ఇంటి మాదిరి ఉంటే తప్పేంది రా?

ఇక నా చాప అంటారా, గ్యారేజీలో చెప్పుల కింద వేశాను. దానికి తగ్గ పని అది.