దవాఖాన గేటు దాటిస్తే బాధ్యత తీరిపోతుందా?



ముసలివాళ్ళ సేవ ఇంటివాళ్ళ పని, అందులో కంపెనీకి ఏం సంబంధం, యూనియన్‌కు ఏం సంబంధం అని యజమానులు అడుగుతున్నారు. పగార్ చర్చల్లో ఈ విషయం మేము ఎత్తినప్పుడల్లా ఇదే జవాబు. ఒక శేటు అయితే నవ్వుతూ, "మీ తెలుగువాళ్ళకు తల్లిదండ్రులంటే ఎంత భక్తి! మీకు ఆయాలు, నర్సులు ఎందుకండీ?" అన్నాడు. ఈ పొగడ్త ఎందుకో మాకు తెలియక కాదు. ముప్పై ఏళ్ళు పని చేయించుకున్న మనిషి మంచాన పడితే పైసా ఇవ్వను అనే మాటను భక్తి పేరుతో చెప్పాడు, అంతే.

మన షోలాపూర్ తెలుగు పేటల్లో జరుగుతున్నది ఏమిటో చూద్దాం. ఒక పాత వార్పర్ బాత్‌రూంలో జారిపడ్డాడు. తుంటి ఎముక విరిగింది. సర్కారు దవాఖానలో ఆపరేషన్ చేశారు, బాగానే చేశారు. మంచాలు చాలవు కనుక అయిదో రోజు డిశ్చార్జి. చేతిలో పెట్టిన కాగితం మీద ఇంగ్లీషులో రాసినదంతా ఇంటికి వచ్చాక చదివించుకున్నారు: రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి, లేపి కూర్చోబెట్టాలి, వాకర్ పట్టించి నడిపించాలి, కుట్లు తడవకూడదు, పది రోజులకు మళ్ళీ చూపించాలి. దవాఖానలో ఈ పనంతా మూడు పాళీల మనుషులు చేస్తారు. ఇంట్లో ఎవరు చేయాలి? ఇల్లు ఒక్క గది. పాయఖానా చాళ్ చివర. కొడుకు రాత్రి పాళీలో నాలుగు సాంచెలు నడుపుతాడు. కోడలు ఇంట్లో కూర్చుని బీడీలు చుడుతుంది. అవ్వకు మోకాళ్ళ నొప్పులు, తానే గోడ పట్టుకుని నడుస్తుంది.

మొదటి వారం కొడుకు నాగాలు పెట్టాడు. పీసు రేటు పని, నడిపిన మీటర్లకే డబ్బు, నాగా అంటే సున్నా. రెండో వారం జాబర్ అతని సాంచెల మీద బద్లీని నిలబెట్టాడు. దాంతో కొడుకు పనికి పోయాడు. కోడలు ఒక్కతే ఆయనను తిప్పలేకపోయింది. బరువైన మనిషి, పైగా మామ, ఆయన సిగ్గుతో ఒళ్ళు బిగబట్టేవాడు. బట్ట మార్చనిచ్చేవాడు కాడు. నడుము కింద పుండు పడింది. ఆ పుండును చూసేసరికి లోపల ఎముక దాకా పోయింది. ఆపరేషన్ గెలిచింది, మనిషి పుండుతో పోయాడు. దినాల్లో చుట్టాలు ఏమన్నారు? కోడలు సరిగా చూడలేదు అన్నారు!

ఈ మాట అన్నవాళ్ళలో మన సభ్యులు కూడా ఉన్నారు కనుక ఇక్కడ రాస్తున్నాము. ఆ ఆడమనిషి రోజుకు వెయ్యి బీడీలు చుట్టి, వంట చేసి, పిల్లలను బడికి పంపి, ఆ మీద మామకు మలమూత్రాలు ఎత్తింది. ఆకు నానబెట్టి చుట్టకపోతే ఆకూ పాడవుతుంది, కార్ఖానావాడి లెక్కలో కోతా పడుతుంది. ఆమె పోగొట్టుకున్న కూలిని ఎవరూ లెక్క వేయలేదు. ముసలివాళ్ళ సేవ 'ఇంటివాళ్ళ పని' అని శేటు అన్నప్పుడు ఆ ఇంటివాళ్ళు ఎవరు? ఆయన కాదు, మనలో మగవాళ్ళమూ కాదు. ఆమె ఒక్కతే.

పోనీ, మనిషిని పెట్టుకుందామంటే ఏజెన్సీలు ఉన్నాయి. 12 గంటల డ్యూటీకి పేషెంటు దగ్గర మనిషిని పంపుతారు. వాళ్ళు అడిగే నెల డబ్బుకు సాంచె కార్మికుని పగార్ మొత్తం సరిపోతుంది, ఇంట్లో పొయ్యి వెలగదు. అందులో ఏజెన్సీ కమీషన్ పోను పనిచేసే మావశీ చేతికి వచ్చేది వేరే. ఆ మావశీలు ఎవరో తెలుసా? మూతబడిన మిల్లుల కార్మికుల భార్యలు, బిడ్డలు. పని నేర్పేవాడు లేడు, ఇ.ఎస్.ఐ. లేదు, సెలవు లేదు. శేటు గారి తల్లికి రాత్రంతా కాళ్ళు పట్టి, పొద్దున ఇంటికొచ్చి సొంత తల్లికి గంజి కాస్తుంది. మనం అడిగే ఏ కోరికలోనైనా ఈ ఆడబిడ్డల హక్కు కలిసి ఉండాలి. వాళ్ళను చవకగా దొరికే మనుషులుగా చూసే కోరిక మనకు వద్దు.

ఇక ప్రభుత్వం సంగతి. 2007లో తల్లిదండ్రుల పోషణ చట్టం చేసింది. చూడని పిల్లల నుండి నెలకు 10,000 రూపాయల దాకా ఇప్పించవచ్చని అందులో రాసింది. మంచిదే. కానీ ఆ చట్టానికి కొడుకు కనబడ్డాడు, ఆ తండ్రి చేత జీవితమంతా దుమ్ము మింగించిన యజమాని కనబడలేదు. బ్లో రూం, కార్డింగ్ ఖాతాల్లో పనిచేసినవాళ్ళకు వచ్చే పత్తిదుమ్ము ఆయాసాన్ని, డాక్టర్లు బిస్సినోసిస్ అంటారు, చట్టమే వృత్తి జబ్బుగా ఒప్పుకున్నది. సాంచెల మోతలో చెవులు పోవడం కూడా అంతే. అటువంటి ఊపిరితిత్తులున్న మనిషికి ఆపరేషన్ అయితే పడుకోబెట్టిన కొద్దీ కఫం పట్టి న్యుమోనియా వస్తుంది. కూర్చోబెట్టే మనిషి అతనికి మందుతో సమానం. మరి ఆ మనిషి ఖర్చు ఎవరిది?

2024 అక్టోబర్‌లో 70 ఏళ్ళు నిండినవాళ్ళందరికీ 5 లక్షల ఆయుష్మాన్ కార్డు తెచ్చారు. కార్డు తీసుకోండి, తీసుకోనివాళ్ళు వెంటనే తీసుకోండి. అయితే అది దవాఖానలో చేరినందుకు. ఇంటికి వచ్చాక 15 రోజుల దాకా మందులు, పరీక్షలు అందులో వస్తాయి. పక్కన ఉండే మనిషి రాడు. పక్షవాతం వచ్చినవాళ్ళకు చేయి కాలు తిరిగి రావాలంటే మొదటి మూడు నెలలే ముఖ్యం, కసరత్తు రోజూ చేయించాలి. 16వ రోజున ఎవరు చేయిస్తారు? పి.ఎఫ్. పెన్షన్ కనీసం 1,000 రూపాయలు అని 2014 సెప్టెంబర్‌లో నిర్ణయించారు. ఆ తర్వాత ధరలు ఎక్కడికి పోయాయో మీకు చెప్పనవసరం లేదు. ఆ వెయ్యి నెల రోజుల డైపర్లకు చాలదు.

డబ్బు లేదు అంటారు. లెక్క చూద్దాం. 2019 జూలైలో ఇ.ఎస్.ఐ. చందా తగ్గించారు. యజమాని వాటా 4.75 శాతం నుండి 3.25కు దిగింది. మన వాటా కూడా 1.75 నుండి 0.75 అయింది, మనవాళ్ళు సంతోషించారు. 12,000 పగార్ ఉన్న ఒక్క కార్మికుని మీద యజమానికి మిగిలింది నెలకు 180, సంవత్సరానికి 2,160 రూపాయలు. వందమంది ఉన్న మిల్లులో 2,16,000. ఆ డబ్బుతో నెలకు 15,000 ఇచ్చి ఒక నేర్చిన నర్సమ్మను సంవత్సరమంతా ఇంటింటికీ తిప్పవచ్చు, ఇంకా 36,000 వాకర్లకు, గాలి పరుపులకు మిగులుతుంది. ఆ డబ్బు ఎటు పోయింది? దాని పేరు 'వ్యాపార సౌలభ్యం' అట.

చేయలేని పని కూడా కాదు. తమిళనాడులో 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో 'మక్కళై తేడి మరుత్తువం' అనే పథకం మొదలుపెట్టారు. ఆ జిల్లాలో మన తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారో హోసూరు వైపు చుట్టాలున్నవాళ్ళకు తెలుసు. బి.పి., షుగరు మందులు ఇంటికే వస్తాయి, మంచం మీద ఉన్నవాళ్ళ దగ్గరికి కసరత్తు చేయించే మనిషి, నర్సు ఇంటికే వస్తారు. కేరళలో 2008 నుండి పంచాయతీల ద్వారా నర్సులు ఇళ్ళకు పోతున్నారు. అక్కడివాళ్ళకు తల్లిదండ్రుల మీద భక్తి తక్కువా?

కనుక మేము అడుగుతున్నది ఇది. ఇ.ఎస్.ఐ. దవాఖాన నుండి డిశ్చార్జి అయిన ముసలి సభ్యుని ఇంటికి, సభ్యుని మీద ఆధారపడిన తల్లిదండ్రుల ఇంటికి నర్సును, కసరత్తు మనిషిని పంపాలి. ఇప్పుడు జబ్బు సెలవుకు 70 శాతం పగార్ సంవత్సరంలో 91 రోజుల దాకా వస్తుంది, కానీ తాను జబ్బు పడితేనే. తండ్రిని చూసుకోవడానికి ఒక్క రోజు లేదు. దానికి కూలితో సెలవు కావాలి, సెలవు పెట్టినవాని సాంచెలు అతనికే తిరిగి ఇవ్వాలి. సర్కారు దవాఖానలు డిశ్చార్జి కాగితం చదివి వినిపించాలి, మరాఠీలో, తెలుగులో. ఇంటికి పోయే మావశీకి కనీస వేతనం, ఇ.ఎస్.ఐ. ఉండాలి. 2025 నవంబర్ 21 నుండి సామాజిక భద్రతా కోడ్ అమలులోకి వచ్చింది, పాత ఇ.ఎస్.ఐ. చట్టం అందులో కలిసిపోయింది. రూళ్ళు మార్చే ఈ కాలంలోనే ఇది అడగాలి.

సాంచె షెడ్డుల సోదరులకు వేరే ఒక మాట. ఒకే షెడ్డు, ఒకే గేటు, కాగితం మీద మాత్రం శేటు పేర ఆరుగురు, భార్య పేర ఏడుగురు, బావమరిది పేర అయిదుగురు. పదిమంది కాకూడదని ఈ నాటకం. ఆ పద్దెనిమిది మంది ఒకే చోట పనిచేస్తున్నారని సంతకాలు చేసి ఇస్తే మేము ఇ.ఎస్.ఐ. ఆఫీసుకు పట్టుకుపోతాము. భయపడి సంతకం చేయనివాళ్ళ మీద మాకు కోపం లేదు, కానీ అందరూ భయపడితే అర్జీ కదలదు.

రిటైర్ అయిన సభ్యులు చాలామందికి తెలియనిది ఒకటి. అయిదేళ్ళకు తక్కువ కాకుండా ఇ.ఎస్.ఐ.లో ఉండి వయసు నిండి దిగిపోయినవాళ్ళు సంవత్సరానికి 120 రూపాయలు కట్టి తమకు, భార్యకు లేదా భర్తకు వైద్యం పొందవచ్చు. పాత ఇ.ఎస్.ఐ. కార్డు, కంపెనీ ఇచ్చిన రిటైర్మెంట్ కాగితం పెట్టెలో వెతకండి. ఇంట్లో ఎవరైనా ఈ సంవత్సరం దవాఖాన నుండి వచ్చి మంచం మీద ఉంటే డిశ్చార్జి కాగితం నకలు, సేవ కోసం ఎన్ని నాగాలు పడ్డాయో, ఇంటి ఆడవాళ్ళకు ఎన్ని రోజుల బీడీ కూలి పోయిందో ఒక చీటీ మీద రాసి యూనియన్ ఆఫీసులో ఇవ్వండి. ఆదివారం ఉదయం మేము ఉంటాము. ఈసారి చీటీ పట్టుకుని కోడళ్ళనే పంపండి. లెక్క వాళ్ళకే బాగా తెలుసు.